కాటిసీను నుంచి కంచరపాలెం దాకా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకోవడం, 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకోవడం, ఆ తర్వాత డి.ఏ. బకాయిల గురించి కాస్త ఆవేశపడటం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు "బకాయిల సంగతి మేం చూసుకుంటాం గానీ, మీరు సినిమాల గురించి ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. నాకున్న సినిమా పిచ్చి ఆయనకు సర్వీసులో ఉన్నప్పటినుంచీ తెలుసు. నేను విమర్శకుణ్ణి కాను. కెమెరా పనితనం గురించి అడిగితే నీళ్ళు నములుతాను. టిక్కెట్టు కొనుక్కుని చూసినవాణ్ణి, అంతే.

నిజానికి నా పిచ్చికి మొదలు సినిమా కాదు, నాటకం. మన ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళంటే మాఘమాసపు చలి, చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజులు. చెరుకు బళ్ళు రోడ్డు పొడవునా బారులు తీరి ఉండేవి. తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియని బండివాళ్ళు ఎడ్లను విప్పి, వాటి ముందు ఇంత మేత పడేసి, దుప్పటి కప్పుకుని నాటకం దగ్గరికొచ్చి కూర్చునేవారు. మేము సాయంత్రమే చాపలూ గోనెపట్టాలూ పట్టుకెళ్ళి చోటు పట్టేవాళ్ళం. తొమ్మిదింటికన్న నాటకం పదకొండుకు మొదలయ్యేది.

బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకం. ఒకే రాత్రి ఇద్దరు హరిశ్చంద్రులుండేవారు. రాజ్యం పోగొట్టుకునేదాకా ఒకరు, కాటిసీనుకు ఇంకొకరు. పేరున్న నటుణ్ణి కాటిసీనుకే అట్టిపెట్టేవారు. మధ్యలో నిద్రపోయిన మమ్మల్ని "లేవండర్రా, కాటిసీను వచ్చింది" అంటూ మా నాయనమ్మ తట్టి లేపేది. హార్మోనియం శ్రుతి అందుకోగానే ఆయన పద్యం ఎత్తేవాడు. రాగం తెగేది కాదు. వెనకనుంచి "వన్స్‌మోర్" అని కేక పడేది. చచ్చిపోయిన కొడుకు కోసం ఏడుస్తున్న తండ్రి ఆ ఏడుపు ఆపి, కేక వచ్చిన వైపు ఓ చిన్న నమస్కారం పెట్టి, మళ్ళీ మొదటినుంచి ఏడ్చేవాడు. ఒకసారి లోహితాస్యుడికి దోమ కుట్టింది కాబోలు, చచ్చి పడుకున్న కుర్రాడు కాలు గోక్కున్నాడు. నేను నవ్వబోయి చుట్టూ చూశాను. ఎవరూ నవ్వడం లేదు.

మా నాయనమ్మకు ఆ కథ కంఠతా వచ్చు. చివరికి పిల్లవాడు లేచి కూర్చుంటాడనీ తెలుసు. అయినా ఏటా వెళ్ళేది, ఏటా ఏడ్చేది. ఇంట్లో ఆవిడ ఏడవడం నేనెన్నడూ చూడలేదు. తనకు పుట్టిన పిల్లల్లో ముగ్గురిని చిన్నతనంలోనే మన్నుచేసిన మనిషని, నేను ఉద్యోగంలో చేరాక ఎప్పుడో మా అమ్మ చెబితే తెలిసింది. కోడళ్ళ ముందు ఏడవడానికి ఆవిడకు వీల్లేకపోయింది. తిరునాళ్ళలో, చీకట్లో, వెయ్యిమంది మధ్య కూర్చుంటే ఎవరూ ఎందుకని అడగరు. నాటకం ఎందుకు ఆడతారో నాకు ఆవిడవల్లే అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆ హరిశ్చంద్రుడు బజారులో కాఫీ హోటల్లో కనిపించేవాడు. చెవుల వెనక ఇంకా రంగు ఉండేది. ఇడ్లీ తింటూ, తమకు రావలసిన డబ్బు గురించి కాంట్రాక్టరుతో గట్టిగానే మాట్లాడేవాడు. రాత్రి సత్యం కోసం భార్యను అమ్ముకున్నవాడు పొద్దున పాతిక రూపాయల దగ్గర పేచీ పెడుతుంటే నాకు కష్టంగా ఉండేది. పెళ్ళయి, నెల జీతంతో ఇల్లు గడపడం మొదలుపెట్టాక ఆ కష్టం పోయింది.

మన కృష్ణా జిల్లా నాటకాల జిల్లా అని వేరే చెప్పనక్కర్లేదు. బెజవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణగారు స్త్రీ వేషం ఇస్తే రామారావుగారు మీసం తీయనని భీష్మించుకుని "మీసాల నాగమ్మ" అనిపించుకున్న సంగతి మీకందరికీ తెలిసిందే. నాగేశ్వరరావుగారు గుడివాడ ప్రాంతంలో ఆడవేషాలు కట్టే పైకొచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభివాళ్ళు డేరా వేశారంటే నెలల తరబడి ఆడేవారు. వాళ్ళలో తాతనుంచి మనవడిదాకా ఇంటిల్లిపాదీ నటులే, ఆడవేషాలు ఆడవాళ్ళే వేసేవారు. ఘటోత్కచుడి మాయలు చూసి నేను డేరా వెనక్కి వెళ్ళి తీగలు వెతికిన రోజులున్నాయి. చింతామణి సంగతి వేరు. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనం మాన్పించాలని రాసిన నాటకం. ఆడేవాళ్ళు రానురాను సుబ్బిశెట్టి హాస్యాన్ని సాగదీసి, రచయిత రాయని మాటలు జొప్పించి, ఇంటి ఆడవాళ్ళతో కూర్చుని చూడలేనట్టు చేశారు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినప్పుడు నాకు బాధ కలిగింది గానీ ఆశ్చర్యం కలగలేదు. నిషేధం మందని నేననను. కానీ నాటకాన్ని ముందు పాడుచేసింది నాటకాలవాళ్ళే.

మా నాన్నగారు మాత్రం వీటన్నిటికంటే ఒక నాటకాన్ని ఎక్కువగా తలుచుకునేవారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు రాసిన "మా భూమి". ప్రజానాట్యమండలి వాళ్ళు ఊరూరా ఆడారు, ఆనాటి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. "రాజుల వేషాల్లేవురా. మోకాళ్ళపైకి పంచె కట్టి, మన పాలేరులాంటివాడే స్టేజీ ఎక్కి మాట్లాడాడు" అనేవారు. ఆయనకు రాజకీయాలు పెద్దగా పట్టవు. పాలేరు స్టేజీ ఎక్కడమే ఆయనకు వింత.

ఆ పేరుతోనే 1979లో గౌతమ్ ఘోష్ సినిమా తీశారు. నిర్మాణంలో బి. నరసింగరావుగారి పాత్ర పెద్దది. ఈ కథ నాటకం కథ కాదు. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల ఆధారంగా తెలంగాణ రైతాంగ పోరాటం మీద తీసినది. అందులో కథానాయకుడు రామయ్యగా వేసిన సాయిచంద్ మన గుడివాడ దగ్గర అంగలూరు త్రిపురనేని గోపీచంద్‌గారి అబ్బాయి. ఆ సినిమా చూస్తుంటే మొదటి అరగంట నాకేదో వెలితిగా ఉంది. తర్వాత తెలిసింది, ఎవరికీ మేకప్పు లేదు. మొహాలు మొహాల్లా ఉన్నాయి. అప్పటిదాకా నేను చూసిన పేదరైతులందరికీ ఇస్త్రీ చొక్కాలుండేవి.

చిన్న సినిమాల మీద గురి కుదిరింది అక్కడే. చిన్న సినిమా అంటే నా ఉద్దేశం, పెద్ద హీరో పేరు మీద కాకుండా కథ మీద నిలబడేది. ఎనభైల చివర్లో ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో అవార్డులు వచ్చిన ప్రాంతీయ భాషల చిత్రాలు వేసేవాళ్ళు, గుర్తుందా? వీధిలో టీవీలన్నీ ఆ వేళకు కట్టేసేవారు. మా ఇంట్లో నేనొక్కణ్ణే చూసేవాణ్ణి. మా ఆవిడ "మీ ఏడుపు సినిమా మొదలైందా" అని అవతలి గదిలో పడుకునేది. ఆ మధ్యాహ్నాలే నాకు బెంగాలీ, మలయాళం, కన్నడ చిత్రాలను పరిచయం చేశాయి. అదూర్ గోపాలకృష్ణన్ గారి "ఎలిప్పత్తాయం" 1981 నాటిది. ఉమ్మడి ఆస్తి మీద కూర్చుని, అక్కచెల్లెళ్ళ చాకిరీ తింటూ, కుర్చీలోంచి లేవడానికి బద్ధకించే మగవాడి కథ. అటువంటివాళ్ళను మన డెల్టా లోగిళ్ళలో నేను నలుగురినైనా చూశాను. భాష రాకపోయినా ఒక్క ముక్క అడగాల్సిన పని లేకపోయింది.

మన తెలుగులో ఇటువంటివి తీసినవారిలో బయటివాళ్ళు కూడా ఉన్నారు. మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథ "కఫన్" తీసుకుని 1977లో "ఒక ఊరి కథ" చేశారు. పని చేయడమంటే దొరను బాగుచేయడమేనని పని మానేసిన తండ్రి, ప్రసవవేదన పడుతున్న కోడలు. చూశాక ఆ పూట అన్నం సహించలేదు. నరసింగరావుగారి "దాసి" 1988లో వచ్చింది. గడీలో కట్టుబానిస పిల్ల కథ. అర్చనకు ఉత్తమనటిగా జాతీయ అవార్డు వచ్చింది. అందులో మాటలు బహు తక్కువ. నాటకం చూసి పెరిగిన నాకు, పద్యం లేదు సరే, మాట కూడా లేకుండా ఎలా అనిపించింది. గడీలో ఆ పిల్లకు మాట్లాడే హక్కు ఎక్కడిది? ఆ సంగతి అర్థమవడానికి నాకు రెండోసారి చూడాల్సొచ్చింది.

ఇక మన వయసువాళ్ళ సినిమాలకు వస్తాను. శ్రీరమణగారి "మిథునం" కథ చదవని తెలుగు ఇల్లు ఉండదనుకుంటాను. బాపుగారు ముచ్చటపడి ఆ కథంతా స్వదస్తూరీతో రాశారు. ఎం.టి. వాసుదేవన్ నాయర్ మనకంటే ముందే, 2000లో, మలయాళంలో సినిమాగా తీశారు. మనవాళ్ళకు పన్నెండేళ్ళు పట్టింది. 2012లో తనికెళ్ళ భరణిగారు తీశారు. తెర మీద ఇద్దరే. బాలసుబ్రహ్మణ్యంగారు అప్పదాసు, లక్ష్మిగారు బుచ్చిలక్ష్మి. పిల్లలు ఎక్కడో దేశాల్లో ఉంటారు. వీళ్ళిద్దరూ పాదులు తవ్వుకుంటూ, వండుకుంటూ, పోట్లాడుకుంటూ ఉంటారు. అందులో తిండి గోల కాస్త ఎక్కువైందని, పల్లెటూరి ముసలితనం అంత తీయగా ఉండదని నాకు ఫిర్యాదు ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాడెవడూ పాదులు తవ్వడు. కానీ ఆయన తనకంటే ముందే పోవాలని, తాను లేకపోతే ఆయన్ని ఎవరూ సంబాళించలేరని ఆ ఇల్లాలు అనుకునేచోట నా ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకున్నాను. ఆదివారం సినిమాలకు అవతలి గదిలోకి వెళ్ళిపోయే మా ఆవిడ ఇది పూర్తిగా కూర్చుని చూసింది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక, "గ్యాస్ బుక్ చేయడం, నా మందులు ఎక్కడుంటాయో, పాలవాడి లెక్కా మీకు నేర్పాలి" అంది. ఆ వారమే నేర్చుకున్నాను.

2023 ఉగాదికి కృష్ణవంశీగారి "రంగమార్తాండ" వచ్చింది. ఇది పెద్ద దర్శకుడు తీసినదే అయినా కథ ఒక రంగస్థల నటుడిది కాబట్టి చెబుతున్నాను. మూలం శిర్వాడ్కర్ మరాఠీలో రాసిన "నటసామ్రాట్" నాటకం. దానికి వెనక షేక్స్‌పియర్ లియర్ రాజు ఉన్నాడు. రిటైరైన నటుడు ఉన్న ఆస్తంతా పిల్లలకు పంచేసి, ఆ తర్వాత వాళ్ళిళ్ళలో చోటు వెతుక్కోవడం కథ. ప్రకాశ్‌రాజ్ బాగా చేశారు. కానీ నన్ను పట్టుకున్నది బ్రహ్మానందంగారు. నలభై ఏళ్ళు మనల్ని నవ్వించిన మొహం ఆస్పత్రి మంచం మీద అలా చూడగలమనుకోలేదు. పిల్లల్ని మరీ దుర్మార్గుల్ని చేశారని మా అబ్బాయి అన్నాడు. వాడు అలా అనడం సహజం. ఇక్కడ ఒక్క మాట, సినిమాకు సంబంధం లేకపోయినా. ఇల్లు పిల్లల పేర పెట్టాలనుకునేవాళ్ళు సెటిల్‌మెంటు దస్తావేజు రాసేముందు వీలునామా గురించి ఆలోచించండి. దస్తావేజే రాయాలనుకుంటే, పోషణ చూడాలన్న షరతు అందులో స్పష్టంగా రాయించండి. 2007 నాటి వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను కింద, షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేసే అధికారం ట్రిబ్యునలుకు ఉంది. నేను వీలునామాయే రాశాను.

కరోనా రోజుల్లో, 2020లో, బందరు నేపథ్యంగా "కలర్ ఫొటో" వచ్చింది. నల్లని కుర్రాడు తెల్లని అమ్మాయిని ప్రేమించడం. మన రోడ్డు చివర ఊరు కదా అని ఇష్టంగా చూశాను. జాతీయ అవార్డు కూడా వచ్చింది. మరుసటేడు "సినిమా బండి" అని, ఆటో నడిపేవాడికి కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోయే కథ. నవ్వుకోవడానికి బాగుంది. మనవలతో కలిసి చూడండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. 2018 సెప్టెంబరులో "కేరాఫ్ కంచరపాలెం" విడుదలైంది. వెంకటేశ్ మహా అనే కొత్త కుర్రాడు దర్శకుడు, అమెరికాలో డాక్టరుగా ఉన్న పరుచూరి ప్రవీణగారు నిర్మాత. విశాఖపట్నం కంచరపాలెంలో తీశారు. నటించినవాళ్ళలో చాలామంది ఆ పేటవాళ్ళే. మా మనవరాలు సెల్‌ఫోనులో టిక్కెట్లు తీసి విజయవాడ తీసుకెళ్ళింది. నాలుగు ప్రేమకథలు. బడిపిల్లలది ఒకటి, యువకులది ఒకటి, సారా దుకాణంలో పనిచేసేవాడిది ఒకటి. నాలుగోది ఒక గవర్నమెంటు ఆఫీసు అటెండరుది. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళికాలేదు. పేరు రాజు. ఆ ఆఫీసుకు ఆఫీసరుగా రాధ అని ఒకావిడ ఒడిశా నుంచి బదిలీ మీద వస్తుంది. భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది. వీళ్ళిద్దరికీ స్నేహం కలుస్తుంది. ఆ నాలుగు కథలకూ ఉన్న ముడి చివర్లో విడుతుంది, అది చెప్పి మీ సరదా పాడుచేయను. రాజు గురించి ఆ పేటవాళ్ళు చాటునా ఎదుటా వేసే హాస్యాలు చూసి హాలంతా నవ్వుతోంది. నేను నవ్వలేకపోయాను. ఇంటర్వెల్లో మనవరాలు టీ తెస్తే చేతిలోనే చల్లారిపోయింది.

ఎందుకంటే ఆ హాస్యాలు నేను వేసినవే. మన సంఘం సభ్యుడే, పేరు చెప్పను. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి ఆయన అనుమతి తీసుకునే వచ్చాను. భార్య పోయి మూడేళ్ళయింది. పుల్లేరు కాలువ గట్టున సాయంత్రం మేం నలుగురం నడిచేవాళ్ళం. ఒకరోజు ఆయన నెమ్మదిగా, తనతోపాటు పనిచేసి రిటైరైన ఒకావిడ ఉందని, ఆమెకూ ఎవరూ లేరని, పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. సలహా అడిగాడు, అంతే. నేను, "ఏమోయ్, కాటికి కాళ్ళు చాపుకుని పీటలెక్కుతావా? పెళ్ళివిందుకు పళ్ళసెట్లు మేమే తెచ్చుకోవాలా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అదొక్కటే అయితే సరిపోయేది. నాకు అందరికంటే ఎక్కువ బాధ్యత ఉన్నట్టు వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి "మీ నాన్న సంగతి కాస్త చూసుకో బాబూ" అన్నాను. రెండు నెలల్లో ఆ అబ్బాయి వచ్చి ఇల్లు అద్దెకిచ్చి ఆయన్ని బెంగుళూరు తీసుకెళ్ళాడు. కొడుకూ కోడలూ బాగా చూసుకుంటారు, ఆ మాట అనకూడదు. ఎనిమిదో అంతస్తు. సాయంత్రం ఫోన్ చేస్తే "టిఫిను అయింది, వాకింగు అయింది" అంటాడు. అంతకుమించి మాటలుండవు.

కంచరపాలెంలో రాధ అన్నగారు పెళ్ళికి ఒప్పుకోడు, కూతురు మాత్రం తల్లి వైపు నిలబడుతుంది. ఆ పిల్ల వయసు ఇరవై. నాకప్పుడు అరవై తొమ్మిది. హరిశ్చంద్రుడి కోసం ఏడ్చాను, దాసి కోసం బాధపడ్డాను, ఎక్కడో కేరళలో కుర్చీలోంచి లేవనివాణ్ణి గుర్తుపట్టాను. నా పక్కన నడిచేవాడు అడిగిన మాట మాత్రం నాకు వినపడలేదు.

ఆ రాత్రి ఫోన్ చేసి ఆరోగ్యం గురించి మాట్లాడి పెట్టేశాను. మర్నాడూ అంతే. మూడోరోజు చెప్పాను. "ఆవేళ అలా అనకుండా ఉండాల్సింది. మీవాడికి ఫోన్ చేయడం ఇంకా తప్పు" అన్నాను. ఫోన్ చేసింది నేనేనని ఆయనకు అప్పటిదాకా తెలియదు. చాలాసేపు ఏమీ అనలేదు. కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఆవిడ వాళ్ళ తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయిందటోయ్, నిరుడే. ఇప్పుడు అవన్నీ ఎందుకులే" అన్నాడు. నేను ఏదో ఒకటి మాట్లాడాలని సినిమా కథ మొదలుపెట్టాను. ఆఫీసు, అటెండరు, ఒడిశా నుంచి వచ్చినావిడ, పేటవాళ్ళ మాటలు, అన్నగారి కోపం. మధ్యలో ఊ కొట్టలేదు.

అంతా విని ఒక్కటే అడిగాడు. "చివరికి వాళ్ళిద్దరికీ పెళ్ళయిందా?"

అయిందన్నాను.

"మంచిదోయ్" అని ఫోన్ పెట్టేశాడు.